చలికాలంలో కొండ ఎక్కడం: కింద 4 డిగ్రీలు అంటున్నారు, పైన ఎలా ఉంటుంది?

కొత్తనడక:
అందరికీ నమస్తే. ఎండాకాలంలో కొండలెక్కడం నాకు బాగా అలవాటు, కానీ మంచు పడ్డాక ఎప్పుడూ పైకి వెళ్ళలేదు. వచ్చే వారం మేం నలుగురం ఒక్కరోజు ట్రెక్ అనుకుంటున్నాం. రానుపోను 14 కిలోమీటర్లు, ఎక్కాల్సిన ఎత్తు 1200 మీటర్లు. మొదటి సగం అడవి, తర్వాత చెట్లు లేని వాలు, చివర్లో గట్టు మీదుగా శిఖరం దాకా. ఇదే దారిలో వేసవిలో వెళ్ళొచ్చాను కాబట్టి దారి తెలుసు. కింద లోయలో పగలు 4 డిగ్రీలు, ఎండ కాస్తుంది అని ఫోన్‌లో చూపిస్తోంది, అందుకని మా వాళ్ళందరూ మందపాటి జాకెట్ ఒకటి వేసుకుంటే చాలంటున్నారు. ఒకరికి మామూలు రన్నింగ్ షూసే ఉన్నాయి. నాకెందుకో మనసు ఒప్పుకోవడం లేదు, ఏదో తెలియకుండా వెళ్తున్నామన్న టెన్షన్ ఉంది. వేసవికీ చలికాలానికీ అసలు తేడా ఎక్కడ వస్తుంది? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

రాతిగుట్ట:
మంచి ప్రశ్న అడిగారు, వెళ్ళే ముందే అడిగారు కాబట్టి ఇంకా మంచిది. మీరు చూసిన 4 డిగ్రీలు లోయకు సంబంధించినది. ఎత్తు పెరిగేకొద్దీ గాలి చల్లబడుతుంది, సగటున ప్రతి 1000 మీటర్లకు 6.5 డిగ్రీల చొప్పున తగ్గుతుంది, గాలి పొడిగా ఉంటే దాదాపు 10 డిగ్రీల దాకా కూడా తగ్గొచ్చు. మీరు 1200 మీటర్లు ఎక్కుతున్నారు. అంటే శిఖరం దగ్గర మైనస్ 4 డిగ్రీలు అనుకోండి, ఇది నీడలో, గాలి లేకుండా ఉండే లెక్క. ఇక గట్టు మీద గాలి లేకపోవడం అనేది చాలా అరుదు, ఎందుకంటే లోయ పొడవునా విశాలంగా కదిలే గాలి గట్టు దగ్గరికొచ్చేసరికి ఇరుకైన చోట దూరాల్సి వచ్చి వేగం అందుకుంటుంది. మైనస్ 4 దగ్గర గంటకు 50 కిలోమీటర్ల గాలి వీస్తే మీ ముఖానికి తగిలే చలి మైనస్ 13, 14 డిగ్రీల చలితో సమానం. గంటకు 50 అంటే తుఫాను కూడా కాదు, గట్ల మీద మామూలుగా వీచేదే.

ఇంకోటి, గాలి వేగం రెట్టింపు అయితే అది మనిషిని నెట్టే బలం నాలుగు రెట్లవుతుంది. 30 దగ్గర హాయిగా నడిచిన మనిషి 60 దగ్గర అడుగు తీసి అడుగు వేయడానికి ఆగి ఆగి నడవాలి. అప్పుడు నడక నెమ్మదిస్తుంది, నెమ్మదిస్తే ఒంట్లో పుట్టే వేడి తగ్గుతుంది, చలి ఎక్కువగా తెలుస్తుంది. అన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని వస్తాయి, చలికాలంలో కొండ మీద ప్రమాదం అంటే ఎక్కువసార్లు ఇదే. ఒక్కొక్కటిగా చూస్తే ఏదీ పెద్దగా అనిపించదు.

అందుకని ఫోన్‌లో ఊరి వాతావరణం చూడటం మానేసి, శిఖరం ఎత్తుకు విడిగా ఇచ్చే పర్వత వాతావరణ సూచన చూడండి. అందులో నాలుగు విషయాలు వెతకండి: ఆ ఎత్తులో గాలి వేగం, ఒక్కసారిగా వచ్చే ఈదురుగాలుల వేగం, ఏ ఎత్తు పైన సున్నా డిగ్రీలు మొదలవుతుందో ఆ గీత, మేఘాలు ఎంత కిందికి దిగుతాయో ఆ ఎత్తు. ఎండ బొమ్మ కనిపించిందని సంతోషపడితే లాభం లేదు. ఎండ కాస్తున్నా గాలి 70 ఉంటే ఆ రోజు గట్టు ఎక్కే రోజు కాదు.

ఒక్కోసారి దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. రాత్రంతా ఆకాశం నిర్మలంగా ఉండి గాలి లేకపోతే చల్లని బరువైన గాలి లోయలో పేరుకుంటుంది, కింద పొగమంచు కమ్మి గజగజ వణికిస్తుంటే పైన వెచ్చగా ఎండ ఉంటుంది. అలాంటి రోజు దొరికితే అదృష్టమే, కానీ సాయంత్రం దిగేటప్పుడు మళ్ళీ ఆ చలిలోకే, ఆ పొగమంచులోకే దిగాలని గుర్తుంచుకోండి.

నిదానం:
రాతిగుట్ట గారు చెప్పిన చలి సంగతి నిజమే, నేను మాత్రం కాళ్ళ దగ్గర మొదలుపెడతాను. చలికాలంలో కొండల మీద చాలా ప్రమాదాలు మొదలయ్యేది కాలు జారడంతోనే. రన్నింగ్ షూస్ వేసుకున్న వ్యక్తిని ఆ బూట్లతో మాత్రం గట్టు మీదికి తీసుకెళ్ళకండి, దయచేసి. ఆ అడుగుభాగం మెత్తగా వంగుతుంది, గట్టిపడ్డ మంచులో అంచుతో గుచ్చి నిలబడటం కుదరదు, పైగా ఒక గంటలో తడిసిపోయి వేళ్ళు మొద్దుబారతాయి.

మంచు అని ఒకే మాట అంటాం కానీ పైన కనీసం మూడు నాలుగు రకాలు తగులుతాయి. కొత్తగా పడ్డ మెత్తటి మంచులో మోకాళ్ళ దాకా దిగబడతారు, అలసట తప్ప జారే భయం తక్కువ. పగలు కరిగి రాత్రి మళ్ళీ గడ్డకట్టిన మంచు చాలా గట్టిగా ఉంటుంది, బూటు దిగదు. రాళ్ళ మీద నీళ్ళు పల్చగా గడ్డకడితే అద్దం లాంటి పొర ఏర్పడుతుంది, అది కంటికే కనిపించదు, తడి రాయి అనుకుని కాలు పెడతారు. అడవి దాటాక దారి మీద పారే ఊటలన్నీ ఇలాగే ఉంటాయి. ఇక వేసవిలో దారి తెలుసన్నారు, ఆ దారి ఇప్పుడు ఉండదు. మెట్లు, రాళ్ళ గుర్తులు, మలుపులు అన్నీ మంచు కిందికి పోతాయి, అడ్డంగా సాగే దారి కాస్తా వాలుతో కలిసిపోయి ఒకే ఏటవాలు అయిపోతుంది. వేసవిలో జేబులో చేతులు పెట్టుకుని నడిచిన చోటే పడితే ఆగకుండా కిందిదాకా జారిపోయే చోటు అవుతుంది.

బూట్లకు తగిలించుకునే సన్న గొలుసు ముళ్ళు, అదే మైక్రోస్పైక్స్, అడవి దారికీ చదునైన చోట్లకీ బాగుంటాయి. ఏటవాలు మీద వాటిని నమ్ముకోకూడదు. అక్కడ 10 లేదా 12 పళ్ళున్న క్రాంపాన్లు, అంటే బూటు కింద బిగించుకునే లోహపు ముళ్ళ చట్రాలు కావాలి, వాటిని తగిలించడానికి గట్టి అడుగు ఉన్న బూటు కావాలి, చేతిలో ఐస్ యాక్స్, అంటే మంచులో గుచ్చి పట్టు దొరికించుకునే చిన్న గొడ్డలి కావాలి. ఈ మూడూ కలిపి ఒక సామాను అనుకోండి, ఒకటి లేకుండా మిగతావి సగం పని కూడా చేయవు. ఐస్ యాక్స్ కొనుక్కుని సంచికి వేలాడదీసుకుంటే ఉపయోగం లేదు. జారిన క్షణంలోనే, వేగం అందుకోకముందే, ఒంటి బరువంతా దాని మీద వేసి మంచులోకి దించాలి, రెండు మూడు సెకన్లు ఆలస్యమైతే ఆపడం కష్టం. కింద చదునుగా, రాళ్ళు లేకుండా ఉన్న చిన్న వాలు చూసుకుని, క్రాంపాన్లు తీసేసి, వెల్లకిలా, బోర్లా, తల కిందికి పెట్టి అన్ని రకాలుగా జారి ఆపడం ప్రాక్టీస్ చేయాలి. నిజంగా క్రాంపాన్లతో జారినప్పుడు పాదాలు పైకెత్తి ఉంచాలి, ఒక్క పన్ను మంచులో చిక్కుకుందా, చీలమండ విరుగుతుంది లేదా మనిషి గిర్రున తిరిగి తలకిందులవుతాడు.

అసలు ముఖ్యమైనది జారకుండా నడవడమే, ఆపడం తర్వాతి సంగతి. క్రాంపాన్లు ఏటవాలు మధ్యలో తగిలించుకోకండి, చదునుగా ఉన్నప్పుడే ఆగి వేసుకోండి.

సమయం కూడా లెక్కేసుకోండి. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పిన లెక్క ఒకటుంది, 5 కిలోమీటర్లకు గంట, దానికి తోడు ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. మీ దారికి అది 5 గంటలకు కొంచెం తక్కువ వస్తుంది. అది మంచి వాతావరణంలో, మంచి దారిలో, ఆగకుండా నడిచేవాళ్ళకి. దిగబడే మంచులో దారి చేసుకుంటూ వెళ్తే దానికి రెట్టింపు పట్టినా ఆశ్చర్యం లేదు. అంటే 9, 10 గంటలు. చలికాలంలో మీకు అంత వెలుతురు ఉందా? ముందే చూసుకోండి. కొండ నీడ పడే వైపు దిగుతుంటే సూర్యాస్తమయానికి చాలా ముందే చీకటిగా, చల్లగా అయిపోతుంది, మధ్యాహ్నం మెత్తబడ్డ మంచు అప్పుడే మళ్ళీ గట్టిపడుతుంది.

వెన్నెలదారి:
హెడ్‌ల్యాంప్ ఒక్కొక్కరికి ఒకటి, నలుగురికి కలిపి ఒకటి కాదు. బ్యాటరీలు చలికి త్వరగా అయిపోతాయి కాబట్టి విడి బ్యాటరీలు లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోండి. ఫోన్ కూడా అంతే, బయటి జేబులో ఉంటే 40 శాతం చూపిస్తూనే ఒక్కసారిగా ఆగిపోతుంది. మ్యాప్ అంతా ఫోన్‌లోనే ఉందంటే దారి మొత్తం ఆ బ్యాటరీ మీద ఆధారపడినట్టే, కాగితం మ్యాపూ దిక్సూచీ తప్పక తీసుకెళ్ళండి, తీసుకెళ్ళడమే కాదు వాడటం నేర్చుకోండి. నీళ్ళ సంచీ గొట్టం గడ్డకడుతుంది, అందుకని వెడల్పు మూతి సీసా వాడండి, దాన్ని సంచిలో తలకిందులుగా పెట్టండి. మంచుగడ్డ నీటిపైన తేలుతుంది కాబట్టి గడ్డకట్టడం పైకి తిరిగిన సీసా అడుగువైపు మొదలవుతుంది, కిందున్న మూత గడ్డకట్టకుండా తెరుచుకుంటుంది. దాహం వేయట్లేదని తాగడం మానకండి. మంచు తినేసి సరిపెట్టుకోవద్దు, దాన్ని కరిగించడానికి ఒంట్లో వేడి ఖర్చవుతుంది.

నల్ల కళ్ళద్దాలు మర్చిపోకండి. కొత్త మంచు అతినీలలోహిత కిరణాలను 80 శాతం దాకా వెనక్కి కొడుతుంది, పైనుంచీ కిందనుంచీ రెండు వైపులా కంటికి తగులుతాయి. ఆ రోజంతా ఏమీ తెలియదు, కొన్ని గంటల తర్వాత రాత్రి కళ్ళలో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది, కళ్ళు తెరవలేరు. మబ్బు ఉన్నా ఇదే సంగతి.

గట్టుపిల్లోడు:
అందరూ మరీ భయపెడుతున్నారు అనిపిస్తోంది. నేనూ నా ఫ్రెండ్స్ చలికాలంలో ఇలాంటి గట్లు ఎక్కాం, మామూలు ట్రెక్కింగ్ బూట్లు, ఒక జాకెట్, అంతే. ఏమీ కాలేదు. యవ్వనంలో ఉన్నవాళ్ళు వేగంగా నడిస్తే చలే ఉండదు. అన్నీ కొనుక్కుని, అన్నీ నేర్చుకుని వెళ్ళాలంటే ఎవరూ ఎప్పటికీ వెళ్ళరు.

రాతిగుట్ట:
తమ్ముడూ, నువ్వు చెప్పింది అబద్ధం అనను. మంచి రోజు దొరికితే అలా వెళ్ళి రావచ్చు. కానీ ఆ రోజు ఏమీ కాలేదన్నది మంచు గురించి ఏమీ చెప్పదు, వాలు పట్టుకుని ఉంది, గాలి రాలేదు, అంతే. అదే వాలు మూడు రోజుల తర్వాత ఇంకో రకంగా ఉంటుంది. వేగంగా నడిస్తే చలి ఉండదన్నావు, నిజమే, కానీ ఎవరికైనా చీలమండ బెణికి గంటసేపు కూర్చోవాల్సి వస్తే? నేను సామాను సర్దుకునేది నడిచే గంటలకు కాదు, కదలకుండా ఉండాల్సిన గంటలకు.

వేగంగా నడవడంలోనే ఇంకో చిక్కుంది. చెమట. లోపలి బట్ట తడిస్తే ఆగిన ఐదు నిమిషాల్లో వణుకు మొదలవుతుంది, ఎందుకంటే నీరు గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. కాటన్ చొక్కా, జీన్స్ ప్యాంటు తడిస్తే ఆరవు, అవి ఇంట్లోనే పెట్టి రండి. ఒంటిని ఆనుకుని పల్చటి ఉన్ని లేదా సింథటిక్ బట్ట, దాని మీద ఫ్లీస్, పైన గాలినీ నీటినీ ఆపే జాకెట్, ఇవి కాక ఆగినప్పుడు పైన వేసుకోవడానికి మందపాటి జాకెట్ ఒకటి సంచిలో. మందపాటిది వేసుకుని ఎక్కడం మొదలుపెడితే అరగంటలో తడిసి ముద్దవుతారు. బయలుదేరినప్పుడు కాస్త చలిగా అనిపించాలి, అదే సరైన లెక్క. గ్లవ్స్ రెండు జతలు, ఒకటి గాలికి కొట్టుకుపోతే చేతులు మొద్దుబారి జిప్పు కూడా లాగలేరు. వేళ్ళన్నీ కలిసి ఒకే గదిలో ఉండే రకం గ్లవ్స్ ఇంకా వెచ్చగా ఉంటాయి.

కొత్తనడక:
అందరికీ చాలా చాలా థ్యాంక్స్, ఇంత విషయం ఉందని నిజంగా తెలియదు. రన్నింగ్ షూస్ ఉన్నామెకు చెప్పేశాను, బూట్లు చూసుకుంటానంది. ఒక డౌట్: మంచుచరియలు విరిగిపడటం అనేది చాలా ఎత్తైన పర్వతాల్లో, స్కీయింగ్ చేసేవాళ్ళకి జరిగేది కదా? మా వాలు పెద్దదేం కాదు, అడవి పైన మొదలై గట్టు దాకా 200 మీటర్లు ఉంటుందేమో. దాని గురించి కూడా ఆలోచించాలా?

పడమటిగాలి:
తప్పకుండా ఆలోచించాలి. ఎత్తుతో సంబంధం లేదు, వాలు ఎంత ఏటవాలుగా ఉందన్నదే ముఖ్యం. మంచుచరియలు ఎక్కువగా జారేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద. అంతకన్నా తక్కువైతే జారడానికి బలం చాలదు, మరీ నిలువుగా ఉంటే మంచు పేరుకోకుండానే రాలిపోతూ ఉంటుంది. చిక్కేంటంటే మనం ఎక్కడానికి అనుకూలంగా కనిపించే వాలు కూడా సరిగ్గా ఈ మధ్యలోదే. మ్యాప్‌లో ఎత్తు గీతలు దగ్గర దగ్గరగా ఉన్నచోట కొలిచి చూడండి, ఫోన్‌లో వాలు కొలిచే సదుపాయం కూడా ఉంటుంది. 200 మీటర్ల వాలు చాలు మనిషిని పూర్తిగా పూడ్చేయడానికి. చిన్న వాలే అయినా కింద లోయలా ఇరుకుగా ఉంటే మంచంతా అక్కడే పోగుపడుతుంది, ఇంకా ప్రమాదం. నువ్వు చదునైన చోట నడుస్తున్నా పైన 35 డిగ్రీల వాలు ఉంటే అది నీ మీదికే వస్తుంది, ఈ సంగతి చాలామంది మర్చిపోతారు.

ఎలా జరుగుతుందో తెలిస్తే ఎక్కడ భయపడాలో తెలుస్తుంది. మంచు ఒకేసారి పడదు, పొరలు పొరలుగా పేరుకుంటుంది. నిర్మలమైన చలిరాత్రుల్లో మంచు పైన ఈకల్లా స్ఫటికాలు పెరుగుతాయి, చూడటానికి ఎంతో అందంగా మెరుస్తాయి. వాటి మీద తర్వాత కొత్త మంచు పడితే ఆ స్ఫటికాల పొర లోపలే ఉండిపోతుంది, బలం ఉండదు. పైన గాలి తెచ్చి కుదించిన గట్టి పలక, కింద పట్టులేని పొర. మనిషి బరువు పడగానే ఆ బలహీన పొర కూలుతుంది, పగులు వాలంతా పాకుతుంది, పలక మొత్తం ఒక్కసారి కదులుతుంది. మనుషులు చిక్కుకున్న సందర్భాల్లో చాలావాటిని కదిపింది ఆ చిక్కుకున్నవాళ్ళో, వాళ్ళ జట్టులోని మరొకరో. దానంతట అది వచ్చి మీద పడటం తక్కువ.

గాలి గురించి అందరూ చలి లెక్కలో మాట్లాడారు, నాకు మాత్రం గాలి అంటే మొదట గుర్తొచ్చేది ఇదే. ఆకాశం నుంచి ఒక్క రేకు పడకపోయినా గాలి ఒకవైపు మంచును ఎత్తుకెళ్ళి గట్టు అవతలి వైపు పోస్తుంది, మంచు కురిసేదానికన్నా ఎన్నో రెట్లు వేగంగా పేరుకుంటుంది. కాబట్టి ఎండ కాస్తున్న రోజు కూడా, ముందు రెండు రోజులు గాలి వీచి ఉంటే, గాలికి చాటున ఉన్న వాలు దగ్గరికి పోకండి. గాలి ఏ వైపు నుంచి వీచిందో ఇంటి నుంచే రాసిపెట్టుకోండి. మంచు పడ్డాక మొదటి 24 నుంచి 48 గంటలు ముఖ్యంగా జాగ్రత్త. ఒక్కసారిగా వెచ్చబడినా, వాన పడినా మళ్ళీ అంతే. నడుస్తుంటే కాలి కింద బుస్సుమని మంచు కుంగిన చప్పుడు వచ్చినా, బూటు దగ్గర్నుంచి పగులు గీత ముందుకు పరిగెత్తినా, పక్క వాలు మీద కొత్తగా జారిన గుర్తు కనిపించినా ఇంక చర్చలు పెట్టుకోకుండా వెనక్కి తిరగండి. వాలే తన పరిస్థితి చెప్తోంది.

చాలా పర్వత ప్రాంతాల్లో రోజూ మంచుచరియల హెచ్చరిక ఇస్తారు, 1 నుంచి 5 దాకా అంకెలు. 5 లో 3 అంటే మధ్యస్థం అనుకుంటారు, అదే పొరపాటు. 4, 5 ఉన్నరోజు జనం వెళ్ళరు, 3 ఉన్నరోజు ఫర్వాలేదనుకుని వెళ్తారు, ప్రాణాలు ఎక్కువ పోయేది ఆ రోజుల్లోనే. అంకె ఒక్కటే చూసి వదలకుండా కింద రాసింది చదవండి, ఏ దిక్కు వాలులు, ఏ ఎత్తు పైన అని స్పష్టంగా ఉంటుంది. మీ వాలు అందులో ఉందా లేదా చూసుకుంటే సగం నిర్ణయం ఇంట్లోనే అయిపోతుంది.

అలాంటి వాలు దాటక తప్పదంటే మనిషికీ మనిషికీ దూరం పెట్టి ఒక్కొక్కరే దాటండి, మిగతావాళ్ళు చూస్తూ ఉండాలి. పూడిపోయినవాళ్ళు ఎక్కడున్నారో సిగ్నల్‌తో పట్టిచ్చే ట్రాన్సీవర్, మంచులో గుచ్చి వెతికే పొడవాటి ప్రోబ్ కర్ర, పార, మూడూ ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. పూడిపోయినవాళ్ళను మొదటి 10, 15 నిమిషాల్లో తీస్తే బతికే అవకాశం చాలా ఎక్కువ, ఆ తర్వాత వేగంగా పడిపోతుంది, అంటే బయటి నుంచి సాయం వచ్చేలోపు మీ పక్కనున్నవాళ్ళే తీయాలి. ఆగిపోయిన మంచు సిమెంట్‌లా బిగుసుకుంటుంది, చేతులతో తవ్వడం కుదరదు. కానీ ఈ సామాను ఉంది కదా అని వాలు మీదికి వెళ్ళడం సరికాదు, నా మాట వింటే మొదటిసారి వెళ్ళేవాళ్ళు 30 డిగ్రీలు దాటిన మంచు వాలు ఎక్కడా లేని దారి ఎంచుకోండి. మీ గట్టు ఆ కోవలోకి రాకపోతే అడవి అంచు దాకా వెళ్ళి రండి, అది కూడా మంచి రోజే.

నిదానం:
పడమటిగాలి గారికి ఒక్కటి జోడిస్తాను. గట్టు అంచున గాలికి చాటువైపు మంచు ముందుకు పెరిగి చూరులా వేలాడుతుంది. దాన్ని కార్నిస్ అంటారు. పైన నడిచేవాళ్ళకి అది గట్టులో భాగంగానే కనిపిస్తుంది, కింద ఏమీ ఉండదు. విరిగినప్పుడు వేలాడే భాగం వరకే విరగదు, చాలాసార్లు ఇంకా వెనక నుంచి విరుగుతుంది, అందుకని అంచు నుంచి మీకు అవసరం అనిపించినదానికన్నా ఎక్కువ దూరంలో నడవండి. ఫోటో కోసం అంచుకు వెళ్ళవద్దు.

ఇది మబ్బులో ఇంకా భయంకరం. మబ్బూ మంచూ ఒకే తెలుపైపోతాయి, నేల ఎక్కడుందో ఆకాశం ఎక్కడుందో తేడా ఉండదు, నిలబడ్డ మనిషి ఉన్నట్టుండి తూలిపడతాడు. నేలనుకుని వేసిన అడుగు గాలిలో పడొచ్చు. అలాంటప్పుడు ముందుకు ఒక మంచు ముద్ద విసిరి చూడండి, అది నేల మీద ఆగి కనిపిస్తే అక్కడ నేల ఉంది, కనిపించకుండా పోతే ఆగండి. దిక్సూచి చూసుకుంటూ, అడుగులు లెక్కపెట్టుకుంటూ పదేసి మీటర్లు కదలాలి. ఈ పని రానివాళ్ళు మబ్బు గట్టును కప్పకముందే దిగిపోవడం మేలు.

గట్టుపిల్లోడు:
సరే, హెచ్చరిక 3 గురించి నాకు నిజంగా తెలియదు, అది చూసే వెళ్తాను ఇకపై. ఒక ప్రశ్న నాది కూడా. మాతో వచ్చినవాళ్ళలో ఒకడు పైన బాగా చిరాకుపడి, ఎవరితో మాట్లాడకుండా వెనకబడిపోయేవాడు, అలిగాడేమో అనుకుని వదిలేశాం, కిందికి దిగాక మామూలైపోయాడు. అది చలి వల్ల అయి ఉంటుందా?

తెల్లకోటు:
నేను డాక్టర్‌ని, కొండల్లో రెస్క్యూ పనుల్లోనూ ఉంటాను. అతన్ని చూడకుండా ఏమిటన్నది చెప్పలేను, కానీ మీరు చెప్పిన తీరు హైపోథెర్మియా మొదట్లో కనిపించే తీరే, అందుకే వెంటనే రాస్తున్నాను. శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కిందికి పడితే హైపోథెర్మియా అంటాం. ఊరికే చిరాకు, మాట్లాడకపోవడం, వెనకబడటం, తడబడే నడక, ముద్దమాట, గ్లవ్స్ జారిపోయినా పట్టించుకోకపోవడం, ఇవన్నీ మెదడు చల్లబడుతున్న గుర్తులు. అలా ఉన్న మనిషిని బాగున్నావా అని అడిగితే బాగానే ఉన్నా అంటాడు, ఆ జవాబు నమ్మకండి. ఒక తీగ వేసినట్టు గీత గీసి దాని మీద తిన్నగా నడవమనండి, లేదా జిప్పు పెట్టుకోమనండి, తెలిసిపోతుంది. పది డిగ్రీల దగ్గర కూడా ఇది వస్తుంది, వానా గాలీ కలిస్తే చాలు. పొడి మంచు కన్నా సున్నాకు కాస్త పైన పడే తడి మంచుతో మనిషి త్వరగా దెబ్బతింటాడు.

వణుకుతున్నంత సేపు శరీరం పోరాడుతోందని అర్థం. 32 డిగ్రీల చుట్టుపక్కలకి దిగాక వణుకు ఆగిపోతుంది, ఇది తగ్గడం కాదు, ముదరడం. ఆ దశలో కొందరు వేడిగా ఉందంటూ బట్టలు విప్పేస్తారు కూడా. ఇక్కడ చాలా జాగ్రత్త కావాలి.

వణుకుతూ, తెలివిలో ఉన్నవాళ్ళకి: గాలికి చాటుకు తీసుకెళ్ళండి, నలుగురి మీదా కప్పుకునే గ్రూప్ షెల్టర్ గుడ్డ ఉంటే ఇదే దాని అవసరం, రెండు నిమిషాల్లో లోపల వెచ్చబడుతుంది. ముందు కింద పరచండి, చాప, సంచి, తాడు, ఏదైనా సరే, నేలే ఎక్కువ వేడి లాగుతుంది. తడి బట్టలు మార్చండి, తీపిగా వేడిగా ఏదైనా తాగించండి, తినిపించండి. కాస్త తేరుకున్నాక నడిపించండి. మద్యం వద్దు, అది చర్మంలోని రక్తనాళాలను తెరిచి లోపలి వేడిని బయటికి పోనిస్తుంది, తాగినవాళ్ళకి వెచ్చగా అనిపించేది అందుకే. చేతులు కాళ్ళు రుద్దవద్దు.

వణుకు ఆగి, మగతగా ఉన్నవాళ్ళని నడిపించకండి, కూర్చోబెట్టకండి, పడుకోబెట్టే ఉంచి నెమ్మదిగా, కుదుపు లేకుండా కదపండి. చల్లబడ్డ గుండె కుదుపుకే లయ తప్పొచ్చు. ఏమీ తాగించకండి, కప్పి సాయం కోసం కబురు చేయండి. ఊపిరి ఆడట్లేదని, నాడి దొరకట్లేదని వదిలేయవద్దు. 1999లో నార్వేలో మంచునీటిలో చిక్కుకున్న ఒక మహిళా డాక్టర్ శరీర ఉష్ణోగ్రత 13.7 డిగ్రీలకు పడిపోయింది, గుండె ఆగింది, అయినా బతికింది, తర్వాత మళ్ళీ డాక్టర్‌గానే పనిచేసింది. ఊపిరి లేకపోతే సీపీఆర్ మొదలుపెట్టి వీలైనంత సేపు కొనసాగించండి.

వేళ్ళు, ముక్కు, చెవులు తెల్లగా మైనంలా మారి స్పర్శ పోతే ఫ్రాస్ట్‌బైట్ మొదలైనట్టు. నడుస్తూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఉండండి, ఎవరి ముఖం వాళ్ళకి కనిపించదు కాబట్టి. మంచుతో రుద్దడం పాత పద్ధతి, తప్పు. పైన ఉండగా వేడి చేసి మళ్ళీ గడ్డకట్టనిస్తే దెబ్బ రెట్టింపవుతుంది, మళ్ళీ చలి తగలదన్న నమ్మకం ఉన్నప్పుడే 37 నుంచి 39 డిగ్రీల నీళ్ళలో కరిగించాలి. వేడి తెలియని వేళ్ళను మంట దగ్గర పెట్టకండి, కాలినా తెలియదు.

కొత్తనడక:
డాక్టర్ గారూ, చాలా కృతజ్ఞతలు. ఇప్పుడు మా వాళ్ళతో మాట్లాడాను. మ్యాప్‌లో కొలిస్తే గట్టు కింది వాలు 34 డిగ్రీలు వచ్చింది, గాలి కూడా వారమంతా మంచును అటువైపే పోస్తోంది, కాబట్టి గట్టు మానేసి అడవి అంచు దాకానే వెళ్తున్నాం, మధ్యాహ్నం 12 కు ఎక్కడున్నా వెనక్కి తిరగాలని ముందే ఒప్పుకున్నాం. క్రాంపాన్లు, ఐస్ యాక్స్ నేర్పే శిక్షణకి ఇద్దరం పేర్లు ఇచ్చాం. ఒక్కటి మిగిలింది: సిగ్నల్ లేని చోట సాయం కావాలంటే ఏం చేయాలి?

వెన్నెలదారి:
విజిల్ పెట్టుకోండి, అరుపు గాలిలో పోతుంది. నిమిషంలో ఆరుసార్లు ఊదండి, ఒక నిమిషం ఆగండి, మళ్ళీ ఆరు. రాత్రైతే హెడ్‌ల్యాంప్ అదే లెక్కలో వెలిగించి ఆర్పండి. విన్నవాళ్ళు నిమిషానికి మూడుసార్లు జవాబిస్తారు. జవాబు వచ్చిందని ఆపేయకండి, వాళ్ళు మీ దగ్గరికి చేరేదాకా కొనసాగించండి, శబ్దం పట్టుకునే వస్తారు. సిగ్నల్ కోసం వెతుక్కుంటూ గాయపడ్డవాళ్ళని ఒంటరిగా వదలకండి, నలుగురే కాబట్టి ఒకరు దగ్గరుండాలి, వెళ్ళేవాళ్ళు ఇద్దరు కలిసి వెళ్ళాలి, చోటు మ్యాప్‌లో గుర్తుపెట్టి ఆ కాగితం చేతిలో పట్టుకుని వెళ్ళాలి. బయలుదేరే ముందు ఇంట్లో ఒకరికి మీ దారి, తిరిగొచ్చే టైమ్, ఎన్ని గంటలకి ఫోన్ రాకపోతే రెస్క్యూకి చెప్పాలో రాసిచ్చి వెళ్ళండి, దిగగానే వాళ్ళకి ఫోన్ చేయడం మర్చిపోకండి.